తల్లిగారి ఊరి గోమారి

పొద్దు వాలే వేళకు మా వదిన గంగుబాయి వాకిట్లో కూర్చుందంటే ఇక ఆమెను ఎవరూ పిలిచేవాళ్లం కాదు. పిలిచినా పలికేది కాదు. ఆవును గుంజకు కట్టేసి, పక్కన ఒక పెంకులో ఇంత వేడి బూడిద పోసుకుని, చెవుల వెనక, మెడ కింది మడతల్లో, తోక మొదట్లో, పొదుగు పక్కన వేళ్లు పెట్టి వెతికి వెతికి గోమార్లను పీకేది. పశువుల ఒంటిని పట్టుకుని రక్తం తాగే ఆ పురుగులంటే ఆమెకు ఎక్కడలేని కసి. తాగి తాగి శనగగింజంత అయిన గోమారి బూడిదలో పడి టప్పుమంటే, "ఇంకొకటి పోయిందే చుక్కీ" అని ఆవుకు చెప్పేది. మా అన్నతో ఆమె అంత ప్రేమగా మాట్లాడగా నేను వినలేదు.

"గా ఆవును సూసినట్టు నా తలల పేన్లు సూస్తే పుణ్యమస్తది" అని మా అవ్వ, అంటే నా కన్నతల్లి కొమురవ్వ, గడప మీది నుంచి అనేది.

"మరి నువ్వు పాలిస్తవా అవ్వా?" అని నేను అందుకునేదాన్ని.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పెండ్లయిన కొద్దినాళ్లకే మొగుడు పోయి పుట్టింటికి వచ్చిపడ్డదాన్ని కాబట్టి ఆ అధికారం నాకు బాగానే దక్కింది. అవ్వను ఎత్తిపొడవడం, వదినను దెప్పడం, అన్న మొండయ్యను ఆటపట్టించడం, ఇదీ నా కొలువు. నోరు లేకుంటే నన్ను కుక్కలు పీక్కుతినేవి.

మాది జమ్మికుంట దగ్గరి పల్లె. వదినది గోదావరి అవతల, మంచిర్యాల దాటి అడవిలోకి పోతే వచ్చే ఊరు. రజాకార్ల గడబిడ సద్దుమణిగిన ఏడు ఆమె పెండ్లయింది. పెండ్లిలో వాళ్లవ్వ భూమవ్వ ఒక ఆవును అరణం ఇచ్చింది. అత్తగారింటికి పోయే బిడ్డ వెంట తల్లిగారు పంపే పశువును మా దిక్కు అరణం అంటారు. బండి కదిలేముందు ఆ ముసలామె ఆవు మెడ నిమిరి, "దీన్ని సూస్తే నన్ను సూసినట్టే బిడ్డా, కండ్లల్ల పెట్టుకొని సూసుకో" అందట. వదిన ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందో చెప్పలేను. నాకైతే ఆ ముసలామె గొంతు కూడా తెలిసినట్టే ఉండేది.

తరువాత భూమవ్వ పోయింది. కబురు మాకు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. అరణపు ఆవు మా కొట్టంలో చుక్కిని ఈని, ఇంకా కొన్నేండ్లు బతికి, ముసలిదై పోయింది. నుదుట తెల్లబొట్టుతో పుట్టిన ఆ చుక్కి ఒక్కటే మిగిలింది. తల్లి చెప్పిన మాటను వదిన ఈ దూడ మీదికి మళ్లించింది. పుట్టిన నాటి నుంచి దాని ఒంటి మీద గోమారి అన్నది నిలవనిచ్చింది కాదు. ఊళ్లో వాళ్లు చూసి, "గంగుబాయి ఆవా, ఉతికి ఆరేసిన బట్టనా?" అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు వదిన ఒక ముద్ద ఎక్కువ తినేది.

ఆడపిల్ల తల్లిగారింటికి తనంత తాను పోకూడదు. అన్నో తమ్ముడో వచ్చి గడప ముందు నిలబడి "తోల్కపోనొచ్చిన" అనాలి. తల్లి ఉన్నన్నాళ్లు వదిన అన్న పర్శరాములు ఎండకాలం రాగానే వచ్చేవాడు. తల్లి పోయాక రాలేదు. ఒక ఎండకాలం పోయింది, ఇంకొకటి పోయింది. మోదుగులు పూయడం మొదలైందంటే చాలు, వదిన పొద్దున్నే వాకిలి రెండుసార్లు ఊడ్చేది. బావికి పోయినా చేనుకు పోయినా ఆమె చూపు ఉత్తరం బాట మీదే ఉండేది. నాకు ఒళ్లు మండేది.

"ఆయన రాకుంటే నువ్వే పో వదినె. కాళ్లు లేవా?" అన్నాను ఒకసారి.

"పిలువకుండ పోతే ఆ ఇంట్ల నేను సుట్టాన్ని గూడ కాను నర్మదా" అంది వదిన.

మా అవ్వ ఊరుకుంటుందా? "నాకు లేదా తల్లిగారిల్లు? మా అవ్వ సచ్చిన నాడు పోయిన. మల్ల ఆ దిక్కు మొకం పెట్టిన్నా? ఆడదానికి అత్తగారిల్లే ఇల్లు. మరిచిపోతె మంచిగుంటది" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మెడ నిక్కేది. పెద్ద పరీక్ష పాసయిన దానిలా చెప్పేది.

వాళ్లిద్దరి మధ్య కూర్చుని నాకు నవ్వొచ్చేది, ఏడుపూ వచ్చేది. ఒకామెకు పుట్టిల్లు కావాలి, ఒకామెకు అక్కర్లేదు. నేనేమో పుట్టింట్లోనే పడి ఉన్నాను. కట్టుకున్నవాడి ఇల్లు ఎట్లా ఉండేదో, దాని కిటికీ ఏ దిక్కుకు ఉండేదో అప్పటికే మసకబారిపోయింది. బెంగపెట్టుకోవడానికి ఒక ఊరున్న వదినను చూస్తే నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. చొప్ప అయిపోయింది, బావులు అడుగంటాయి. అట్లాంటి ఏడు మా దిక్కు మగవాళ్లు ఊరి మందను గోదావరి దాటించి అడవిలోకి తోలుకుపోతారు. ఆకో అలమో మేపి, తొలకరి పడ్డాక మళ్లించుకొస్తారు. ఆ ఏడు మా అన్న కూడా బయలుదేరాడు. వచ్చిన చిక్కల్లా చుక్కితోనే. అది చూలుతో ఉంది, మగ చెయ్యి పడితే కాలు విసిరేది. అన్న మోకాలి మీద దాని గిట్ట గుర్తు ఉండనే ఉంది.

"చుక్కిని నేను తోల్కపోత" అంది వదిన, అన్నం వడ్డిస్తూ. చాలా మామూలుగా అంది గానీ, అన్న పళ్లెంలో వడ్డించిన అన్నం మీదే మళ్లీ వడ్డించింది.

"యాడికి?" అంది అవ్వ.

"మా అన్న కొట్టంల కట్టేస్త. ఈనేదాంక ఎవలో ఒకలు కనిపెట్టుకొని ఉండాలె గద అత్తా."

"ఎవలు పిలిచిండ్రని పోతున్నవే? పిలువని పేరంటమా?"

"నేను పోతలేను. ఆవును తోల్కపోతున్న" అంది వదిన.

అన్న పళ్లెంలోకి చూస్తూ నవ్వు ఆపుకున్నాడు. ఆడమనిషిని ఒక్కదాన్ని మగవాళ్ల గుంపుతో పంపడమేమిటని చివరికి అవ్వ నన్ను తోడు పొమ్మంది. వదిన పిల్లలిద్దరినీ తన దగ్గరే ఉంచుకుంది.

మంద వెంట నడవడమంటే దుమ్ములో నడవడమే. గోదావరి ఇంకా దూరముందనగా, చింతచెట్ల కింది నుంచి ఒక ఊరి పక్కగా పోయాం. మా అవ్వ పుట్టిన ఊరు అదేనని అన్న చెయ్యి చూపించాడు. ఔనా అన్నాను. ఆ ఊళ్లో నాకు ఒక్కరి పేరు తెలియదు. మందను ఆపే వీలు లేదు, ఆపాలని ఎవరికీ తోచనూ లేదు. మర్నాడు గోదావరి వచ్చింది. ఎండకు నది పాయలు పాయలుగా చీలి, మోకాలి లోతు నీళ్లతో ఉంది. వదిన నడిమధ్యలో ఆగి, దోసిలితో నీళ్లు తాగి, ముఖం మీద చల్లుకుని, చుక్కి నుదుట చల్లింది. అప్పుడు ఆమె ఏడ్చిందో, అవి గోదావరి నీళ్లో నాకు తెలియలేదు. అడగలేదు కూడా.

టేకు అడవి మధ్య పది పదిహేను ఇండ్ల ఊరు అది. అన్న వాళ్లు మందను ఇంకా లోపలికి తోలుకుపోతూ మమ్మల్ని పర్శరాములు ఇంటి ముందు వదిలారు. ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు. చెల్లెలిని చూసి లేచి నిలబడ్డాడు. తాడు చేతిలోంచి జారి విప్పుకుపోయింది.

"చెల్లె" అన్నాడు.

"ఆవును తోల్కచ్చిన" అంది వదిన. పౌరుషం!

"మంచిది" అన్నాడాయన. వదిన అట్లాగే బయట నిలబడింది. ఆయన భార్య అనసూర్య చెంబుతో నీళ్లు తెచ్చి, "ఏంది బాయీ, సొంతింటి ముంగట కొత్త కోడలి లెక్క నిలవడ్డవు? కాళ్లు కడుక్కొని లోపటికి రా" అన్న తరువాతనే గడప దాటింది. దాటుతూ ద్వారబంధాన్ని అరచేత్తో తడిమింది. తల్లి పసుపు రాసిన ద్వారబంధం అది.

మొదటి రోజులు వదినను పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఇక్కడ ఇప్పపూలు ఏరేవాళ్లం, ఇక్కడ అవ్వ నన్ను కొట్టింది, ఇక్కడ వాగు మడుగు కట్టేది అని నన్ను వెంట తిప్పింది. ఆ ఊరు ఏమంత చక్కని ఊరు కాదు. ఎండిన ఆకులు, ఎర్రమట్టి, గుంపులుగా ఈగలు. నేను ఆ మాట అనలేదు. నా నోరు మూయించిన ఊరు లోకంలో అదొక్కటే.

చుక్కిని చూసి అనసూర్య విరగబడి నవ్వింది. "ఒక్క గోమారి లేదేంది దీనికి? సబ్బు పెట్టి కడిగిండ్రా?" అంది. వాళ్ల లేగదూడల చెవులు చూస్తే గోమార్లు ముత్యాల దండల్లా ఉన్నాయి. వదిన పెంకు, బూడిద తెచ్చుకుని కూర్చోబోతే అనసూర్య ఆపింది.

"ఉండనీ, వాటికి అలవాటే. లేగలప్పుడు జర నలత పడతయి, మల్ల గెంతుతయి. ఎన్నని తీస్తవు?"

"పాపం గాదా వదినె?" అంది మా వదిన.

"పాపమేముంది? మేమందరం దోమలల్లనే పెరిగినం" అంది అనసూర్య.

వదిన చుక్కిని మాత్రం వదల్లేదు. సాయంత్రమైతే పెంకు ముందు పెట్టుకునేది. కాని తొలి జల్లులు పడ్డాక అడవి గడ్డిలోంచి గోమారి పిల్లలు లేచాయి. గసగసాలంత ఉంటాయి, కంటికి ఆనవు, వేలికి దొరకవు. ఒకనాడు పొద్దున చుక్కి గడ్డి ముట్టలేదు. చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. మధ్యాహ్నానికి ఉచ్చ పోస్తే ఎర్రగా పడింది, పసుపులో సున్నం కలిపిన నీళ్లలా. వదిన కెవ్వున అరిచింది.

ఊరివాళ్లు వచ్చి చూశారు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఏదో ఆకు నూరి తాగించారు. ఒక ముసలాయన మాత్రం, "గిది ఊరి గొడ్లకు రాదు. బయటికెల్లి వచ్చిన గొడ్లకే వస్తది" అని కట్టె పొడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మాట వదినకు ఎక్కడో తగిలింది. "ఇది బయటిదా? దీని తల్లి గీ కొట్టంల పుట్టింది! గీ గుంజకే కట్టేసిండ్రు దాన్ని! ఇది బయటిదెట్లయితది?" అని ఆ ముసలాయన వెళ్లిన దిక్కుకు కేకలు వేసింది. ఎవరి గురించి అరుస్తున్నదో నాకు అర్థమైంది. పర్శరాములుకూ అర్థమైనట్టుంది. కండువా భుజాన వేసుకుని, "లక్సెట్టిపేటల సలోత్రి ఉన్నడట. తోల్కస్త" అని ఎండలోనే బయలుదేరాడు. పశువుల డాక్టరును అక్కడ ఇంకా సలోత్రి అనే అనేవాళ్లు.

వచ్చిన డాక్టరు పేరు దేవదాస్. కరీంనగర్ మనిషి, చిన్న వయసు, సైకిల్ మీద వచ్చి చెమటతో తడిసిపోయాడు. చుక్కి కనురెప్ప తిప్పి చూశాడు, తెల్లగా పాలిపోయి ఉంది. చెవి కొస గుచ్చి రక్తం చుక్కను గాజుముక్క మీద పూసి జేబులో దాచుకున్నాడు. మెడ నరానికి పెద్ద సూదితో ఒక మందు ఎక్కించాడు. ఆ మందు ముదురు నీలం. చాకలి నీలికంటే ముదురు. మగ చెయ్యి తగిలితే తన్నే చుక్కి కదలకుండా పడుకునే ఉంది. అది చూసి నాకు భయం పట్టుకుంది.

"బతుకుతదా సారూ?" అంది వదిన.

"రేపు మళ్ల వస్త. అప్పుడు చెప్త" అన్నాడు.

డాక్టరు రాకముందే మర్నాడు చుక్కి కడుపు పోయింది. నెలలు నిండని పెయ్యదూడ, ఒంటి మీద వెంట్రుకలు కూడా సరిగా రాలేదు. చుక్కి లేవలేక, ఉన్నచోటి నుంచే మెడ చాచి దాన్ని నాకబోయింది. అందలేదు. వదిన ఆ దూడను జరిపి దాని నోటికి దగ్గరగా పెట్టింది. అట్లా పెట్టి, తల పట్టుకుని కొట్టం గోడకు కూలబడింది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. పర్శరాములు దూరంగా నిలబడి గోడను గోటితో గీకుతున్నాడు.

"నేను వస్తే గిట్లయింది" అంది వదిన. "పిలువని చోటికి వస్తే గిట్లనే అయితది. అత్త మంచిగనే చెప్పింది."

పర్శరాములు దగ్గరికి వచ్చాడు. "చెల్లె, నిన్ను పిలువాలనే ఉండె నాకు. అవ్వ ఉన్నప్పుడు నీకు అన్నీ జరుగుతుండె. అవ్వ పోయినంక నేను తోల్కచ్చి ఏం పెట్టాలె? పెద్దింట్ల ఉన్నదానివి. ఈడ జొన్న గట్క తప్ప ఏమున్నది? మొకం చెల్లలే నాకు."

"గట్క గాక నేను వేరే ఏమన్న అడిగిన్నా అన్నా?" అంది వదిన. "నేను వాకిలి ఊడ్సుకుంట ఉన్న. ఏటేటా ఊడ్సుకుంట ఉన్న."

పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అక్కడే పోయింది, ఎంత పట్టుకుందామన్నా నిలవలేదు.

దేవదాస్ మధ్యాహ్నం వచ్చాడు. చుక్కిని ముట్టి చూసి, "జ్వరం దిగుతుంది. ఆవు దక్కింది" అన్నాడు. దూడ దగ్గర వంగి చూశాడు. తరువాత అరుగు మీద కూర్చుని, అనసూర్య ఇచ్చిన మజ్జిగ తాగుతూ చెప్పాడు.

"చిన్నవాటిని పెద్దగ చూపే దుర్బిణి కింద రక్తం చూసిన. ఎర్రకణాల లోపట పురుగులున్నయి, చిన్న జామకాయల లెక్క, రెండురెండు జతగ. గోమారి కొరికినప్పుడు రక్తంల సొచ్చినయి. కణాలను పగులగొడుతయి, గా ఎరుపే ఉచ్చల పడ్డది." అని, వదిన వైపు తిరిగి, "ఈ ఆవుకు చిన్నప్పుడు గోమార్లు పట్టలేదా అమ్మా?" అని అడిగాడు.

"ఒక్కటి పట్టనియ్యలే సారూ. రోజు నేనే తీసిన. పుట్టిన నాటికెల్లి" అంది వదిన. అంత దుఃఖంలోనూ ఆ గొంతులో కొంచెం గర్వం వినబడింది. మెచ్చుకుంటాడనుకుంది పిచ్చిది.

దేవదాస్ గ్లాసు కింద పెట్టాడు. చెప్పాలా వద్దా అన్నట్టు చూశాడు. "గందుకే దీనికి గింత గట్టిగ తగిలింది. లేగదూడకు పసితనంల గీ పురుగు సొస్తే జరంత జ్వరమొచ్చి పోతది. అప్పటికెల్లి రక్తం దాన్ని గుర్తు పడతది. మళ్ల ఎన్ని గోమార్లు కొరికినా ఏం కాదు. ఈ ఊరి గొడ్లన్ని గట్లనే పెరిగినయి. మీ చుక్కి రక్తానికి ఇదేందో తెలువదు. పెద్దగయినంక, చూలుతోని ఉన్నప్పుడు, మొదటిసారి ఎదురువడ్డది. ఇగ తట్టుకోలేకపోయింది."

వదిన రెండు చేతులూ ముందు పెట్టుకుని వాటినే చూసింది. "అంటే నా చేతులే సంపినయా సారూ? కండ్లల్ల పెట్టుకొని సూసుకుంటే తప్పయిందా?"

"తప్పెట్లయితది? ఎవలు చెప్పిండ్రు నీకు? నేను గూడ పుస్తకంల చదివితే తెలిసింది" అన్నాడాయన. ఆ ఒక్క మాటకు ఆ పిల్లవాడికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

వదిన చేతులు కొంగుకు తుడుచుకుని, "మరి ఇంకో సూదేసి గా పురుగులను మొత్తానికే సంపరాదా?" అంది.

"మొత్తం పోవద్దమ్మా. ఈ నీలం మందు కూడ మొత్తం సంపదు, అదే మంచిది. జరంత రక్తంల మిగిలి ఒక మూలకు నక్కి ఉంటది. అది ఉన్నంత కాలం రక్తం కావలి కాస్తనే ఉంటది, మళ్ల గింత జబ్బు రానియ్యది. మొత్తం కడిగేసినవనుకో, మళ్ల మొదటికొస్తది."

"మా అత్తగారి ఊరికి తోల్కపోతే?"

"ఏం కాదు, మంచిగ ఉంటది. కాని ఏండ్లకేండ్లు ఈ గోమారి ముట్టకపోతే రక్తం మెల్లమెల్లగ మరిచిపోతది. మరిచిపోయినంక ఈడికి తోల్కస్తే మళ్ల పరేషానే. అందుకని అప్పుడప్పుడు ఈ అడివిల మేపుతుండుండ్రి."

డాక్టరు వెళ్లిపోయాక కూడా వదిన అరుగు మీదే కూర్చుని ఉంది. "జరంత ఉండాలెనట నర్మదా" అంది నాతో. "మొత్తం పోవద్దట."

చుక్కి లేచి నిలబడ్డాక చూస్తే దాని చిగుళ్లు, కనురెప్పల లోపలి భాగం, పొదుగు చర్మం అంతా నీలంగా తిరిగింది. మందు రంగు అది. పెద్ద వరద రాకముందే గోదావరి దాటాలని మా అన్న మందను మళ్లించుకొచ్చి, చుక్కిని చూసి బిత్తరపోయాడు. "ఏందే గంగూ, ఆవుకు నీలి పెట్టి ఆరేసినవా?" అన్నాడు. దూడ సంగతి తెలిసి ఇక నవ్వలేదు. చుక్కి మెడ మీద చెయ్యి వేశాడు. అది తన్నలేదు. తంతే బాగుండుననిపించింది నాకు.

పర్శరాములు గోదావరి దాకా వచ్చాడు. నీళ్లు అప్పటికే మట్టిరంగుకు తిరిగి నడుము దాకా వచ్చాయి. మంద దిగుతుంటే ఆయన ఒడ్డున నిలబడి, "వచ్చే ఏడు గూడ తోల్కరా, ఆవును" అన్నాడు.

వదిన కదల్లేదు. ఆయన చెల్లెలి ముఖం చూశాడు.

"నువ్వు తోల్కస్తవా, నేనే వచ్చి తోల్కపోవాల్నా?"

"నువ్వే రా" అంది వదిన. అంతే. గిరుక్కున తిరిగి నీళ్లలోకి దిగింది. అవతలి ఒడ్డు చేరేదాకా వెనక్కి చూడలేదు. చేరాక మాత్రం చూసింది, ఆయన చుక్కంత అయ్యేదాకా చూసింది.

ఇంటికి చేరగానే అవ్వ అందుకుంది. దూడ పోయింది, పాలు పోయాయి, పిలవని చోటికి పోతే ఇంతే, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నారు అని సణిగింది. వదిన పిల్లలిద్దరినీ ఒళ్లో వేసుకుని వింటూ కూర్చుంది. సాయంత్రం మామూలుగా చుక్కిని గుంజకు కట్టింది. పక్కన కూర్చుని మెడ నిమరసాగింది. పెంకు లేదు, బూడిద లేదు.

అవ్వ గడప మీది నుంచి చూసి, "ఏమాయె, ఇయ్యాల సూడవా? ఇగో, చెవెనక గోమారి నా ముసలి కండ్లకే కనవడుతుంది" అంది.

"ఉండనీ అత్తా" అంది వదిన. "అది మా తల్లిగారి ఊరిది."

ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. వదిన మెల్లగా, డాక్టరు చెప్పిందంతా చెప్పింది. జరంత ఉండాలని, మొత్తం పోతే మంచిది కాదని, ఏటేటా ఆ అడవి గాలి తగలకపోతే రక్తం మరిచిపోతుందని, మరిచిపోయాక పోతే తట్టుకోలేదని.

"సలోత్రి ఆవు గురించి చెప్పిండు" అన్నాడు మా అన్న, చుట్ట వెలిగించుకుంటూ.

"నేను గూడ ఆవు గురించే చెప్తున్న" అంది వదిన.

నేను అవ్వ వైపు చూశాను. ఆమె మెడ ఎప్పటిలా నిక్కి లేదు. కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

"నర్మదా" అని పిలిచింది నన్ను. "మీరు ఏ తొవ్వ పోయిండ్రు?"

చెప్పాను.

"అయితె మా ఊరి చింతల కిందికెల్లే పోయుంటరు."

"పోయినమే అవ్వా."

"మా ఇంటి ముంగట గచ్చు అరుగుండె. పక్కన సీతాఫలం చెట్టు. ఉన్నదా?"

నేను చూడలేదు. ఆ ఊళ్లో ఇల్లు ఏదో కూడా నేను అడగలేదు. నా నలభై మాటలకు నలభై జవాబులు చెప్పే మా అవ్వను, నీ ఊరెట్లా ఉండేదని ఒక్కనాడూ అడిగింది లేదు. తల అడ్డంగా ఊపాను.

అవ్వ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. గడప దిగి చుక్కి దగ్గరికి పోయింది. "వచ్చే ఏడు వాళ్లన్న వస్తె, బండి కట్టుమను. నేను నడువలేను. తొవ్వల్నే గద, మా ఊర్ల దింపిపోతరు" అంది, ఎవరి ముఖమూ చూడకుండా. తరువాత వంగి, చుక్కి చెవి వెనక ఉన్న గోమారిని వేలి కొసతో ఒకసారి ముట్టి చూసి, అట్లాగే ఉండనిచ్చింది.